జామాయిల్ వేసినవాళ్లెవరు?

1980ల తొలి ఏళ్లలో కోలారు జిల్లా రాగి చేల మీద పెద్ద తగవు నడిచింది. తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే ఆ జిల్లా మెట్ట నేలల్లో రాగి, అనుములు, ఉలవలు పండిన చోట జామాయిల్ (యూకలిప్టస్) వరసలు లేచాయి. సామాజిక అడవుల పథకం కింద అటవీ శాఖ నర్సరీలు మొక్కలను ఉచితంగానో, నామమాత్రపు ధరకో పంచాయి. హరిహర్‌లోని గుజ్జు మిల్లు లాంటివి కర్ర కొనడానికి సిద్ధంగా ఉన్నాయి. 1981లో బెంగళూరు ఐఐఎం తరఫున వందనా శివ, శరత్‌చంద్ర, బంద్యోపాధ్యాయ ఆ జిల్లాను అధ్యయనం చేశారు. రాగి విస్తీర్ణం తగ్గుతోందనీ, కూలీలకు పని పోతోందనీ, లాభం పెద్ద కమతాలవాళ్లకే చేరుతోందనీ వాదించారు. 1983 ఆగస్టులో పక్కనున్న తుమకూరు జిల్లాలో రైతులు అటవీ నర్సరీకి కదిలివెళ్లి జామాయిల్ మొక్కలు పీకేసి, ఆ చోట చింత, మామిడి గింజలు వేశారు. ప్రభుత్వ పక్షం మాత్రం రైతు తన నేలలో తనకు లాభమైన పంట వేసుకుంటున్నాడని సమర్థించుకుంది. నీటి గురించి, నేల సారం గురించి, ధాన్యం గురించి ఆ వాదంలో చాలా మాటలు వచ్చాయి. చెట్లు వేసిన ఇళ్లకు నెలనెలా డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న మాత్రం పక్కన పడిపోయింది. విమర్శకులు ‘ఊళ్లో ఉండని భూస్వాములు’ అని ఒక మాటతో సరిపెట్టారు. ఊళ్లో ఉండకపోవడం ఒక నిందగానే మిగిలింది తప్ప, దాన్నొక కారణంగా ఎవరూ తరచి చూడలేదు.

దక్షిణాదిలో రైతు తన పట్టా భూమిలో కర్ర కోసం చెట్లు పెంచిన చరిత్రను మిల్లుల ధరలతోనో, అటవీ శాఖ పథకాలతోనో మాత్రమే చెప్పుకుంటే అది సగమే చెప్పినట్టవుతుంది. మిగతా సగం రైతు ఇంటి పద్దులో ఉంది. ఆ ఇంట్లోవాళ్లు చేను బయట ఏ పని చేస్తున్నారు, ఆ పని డబ్బు ఎంత నికరంగా వస్తోంది, ఇంటి తిండి గింజలకు ఆ చేనే ఆధారమా అన్నవే చెట్టు వేయాలా వద్దా అన్నదాన్ని ఎక్కువగా నిర్ణయించాయి. పొలం పని మానిన ప్రతి ఇల్లూ చెట్లు పెట్టలేదు. వలస వెళ్లిన ప్రతి ఊరూ తోపుగా మారలేదు. నాలుగేళ్లపాటు ఒక్క రూపాయి రాకపోయినా ఆగగలిగిన ఇళ్లే చెట్లు పెట్టాయి. అలా ఆగే శక్తి వాటికి చేను నుంచి రాలేదు, చేను బయట దొరికిన జీతం నుంచి వచ్చింది.

దీనికి కోలారే మంచి సాక్ష్యం. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ నంది కొండ మీది తోటలో యూకలిప్టస్ నాటించాడని చెబుతారు. ఈ దేశమంతటా విరివిగా నాటిన ‘మైసూర్ గమ్’ రకం మూలాలు ఆ కొండ మీదివే. 1980ల నాటికి ఆ కొండ కోలారు జిల్లాలోదే. అంటే ఆ చెట్టు దాదాపు రెండు వందల ఏళ్లు జిల్లా రైతుల కళ్లెదుటే నిలబడి ఉంది. విత్తనానికి కొదవ లేదు, నేల సరిపడదన్న అనుమానమూ లేదు. అయినా రాగి చేలోకి అది దిగలేదు. ఈలోగా మారిందేమిటి? బెంగళూరులో 1940లో హెచ్‌ఏఎల్, 1948లో ఐటీఐ, 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్ వచ్చాయి. వాటి చుట్టూ చిన్న కార్ఖానాలు, బస్సు డిపోలు, బడులు, ఆఫీసులు పెరిగాయి. చుట్టుపక్కల జిల్లాల్లో కాస్త భూమీ కాస్త చదువూ ఉన్న ఇళ్లనుంచి ఒక్కొక్కరు పట్నం జీతానికి కుదిరారు. నాగలి పట్టే కొడుకు ఊళ్లో లేడు, పాలేరును పెట్టుకుంటే వాడి మీద కన్ను వేసే మనిషీ లేడు. కౌలుకిస్తే కౌలుదారు భూమి మీద హక్కు అడుగుతాడేమోనన్న భయం 1974 నాటి కర్ణాటక భూసంస్కరణల సవరణ తర్వాత ఇంకా పెరిగింది. ఇన్ని చిక్కులకూ ఒకే జవాబుగా జామాయిల్ కనబడింది. మొక్కకు రెండేళ్లు కాపలా ఉంటే చాలు, పశువులు దాని ఆకు ముట్టవు, నరికే రోజున తప్ప యజమాని రానక్కర్లేదు. మొక్కను ఊరికే ఇచ్చిన పథకం ఈ మార్పును వేగం చేసింది. మార్పుకు కావలసిన నేల మాత్రం ముందే సిద్ధమై ఉంది.

మన తీరంలో ఈ కథ ఇంకా పాతది. 1850లలో మద్రాసు రైల్వే మొదలైనప్పుడు ఇంజన్లకు కట్టెలే ఇంధనం. 1860లలో ఆ అవసరం కోసమే నెల్లూరు నుంచి దక్షిణంగా తీరపు ఇసుక నేలల్లో సరుగుడు తోపులు మొదలయ్యాయి. ప్రభుత్వం చూపిన దారిలో ప్రైవేటు వ్యక్తులు కూడా నాటారు. సరుగుడుకు మొదటి రెండేళ్లు శ్రమ ఎక్కువ. ఇసుకలో మొక్క బతకాలంటే కుండలతో నీళ్లు మోయాలి, వేసవి అంతా మోయాలి. అది దాటితే కోతదాకా పని లేదు. ఇలాంటి పెట్టుబడికి పూట గడవని రైతు దిగలేడు. ముందు కూలి పెట్టి, ఏళ్లకొద్దీ ఆగి, చివర ఒక్కసారి డబ్బు చేసుకోగలిగిన స్థితిపరుడికే అది అందింది. ఆ తర్వాత బెంగాల్ బొగ్గు వచ్చింది. 1889లో ఇల్లెందు దగ్గర సింగరేణి తవ్వకం మొదలైంది. రైలుకు కట్టె అక్కర తీరిపోయింది. తోపులు మాత్రం పోలేదు, మద్రాసు పట్నపు పొయ్యిలు వాటిని నిలబెట్టాయి. కొనేవాడు మారినా పెంచేవాడి లక్షణం మారకపోవడం ఇక్కడ గమనించాలి.

మిల్లుల పాత్రను తక్కువ చేయనక్కర్లేదు. రాజమండ్రి కాగితపు మిల్లు మూలాలు 1924 నాటివి, 1964 తర్వాత అది పెద్దదైంది. నిజాం కాలంలో సిర్పూరు మిల్లు 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. భద్రాచలం ఎదుట సారపాకలో ఐటీసీ మిల్లు 1979లో నడవడం మొదలైంది. వీటన్నిటికీ చాలాకాలం అడవి వెదురే ఆధారం, అదీ ప్రభుత్వం కారుచవకగా ఇచ్చిన వెదురు. అడవి తరిగి, 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చి, 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలు తమ ముడిసరుకును రైతులతో పెంచుకోవాలని చెప్పాక మిల్లులు పట్టా చేలవైపు తిరిగాయి. 1989లో భద్రాచలం మిల్లులో ప్యారేలాల్ అనే శాస్త్రవేత్త నాయకత్వంలో క్లోన్ మొక్కల ప్రయోగాలు మొదలయ్యాయి. మరి కొన్నేళ్లకే ఖమ్మం, గోదావరి జిల్లాల రైతులు ఒకే తల్లి చెట్టు కొమ్మల నుంచి తీసిన, ఒకే ఎత్తున పెరిగే మొక్కలు కొనడం మొదలుపెట్టారు. గింజ మొక్క కంటే దిగుబడి రెండు మూడింతలైంది. ప్రకాశం, గుంటూరు, కృష్ణా మెట్టల్లో సుబాబుల్ కూడా ఇలాగే పాకింది. అయితే మొక్క మెరుగైన కొద్దీ ఖరీదూ పెరిగింది. ఊరికే పంచిన గింజ మొక్కకు బదులు డబ్బు పెట్టి కొన్న క్లోన్ మొక్క, దున్నకం, మొదటి రెండేళ్ల ఎరువు, కలుపు కలిపి ఎకరాకు చేతిలోంచి పెట్టాల్సిన సొమ్ము ఎక్కువైంది. సొమ్ము తిరిగి రావడానికి నాలుగేళ్లు. కాబట్టి క్లోన్ వచ్చాక జీతం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ మధ్య దూరం తగ్గలేదు, పెరిగింది.

ఇంటి లెక్క రెండు వైపుల నుంచి నడుస్తుంది. ఒకవైపు చేతులు తగ్గుతాయి. మిరప కోతకు మళ్లీ మళ్లీ మనుషులు కావాలి, పత్తి తీతకూ అంతే. ప్రకాశం జిల్లా వర్జీనియా పొగాకయితే నారుమడి మొదలు ఆకు కొట్టడం, కర్రకు గుచ్చడం, బ్యారన్‌లో రాత్రింబగళ్లు మంట చూడడం దాకా ఇంటిల్లిపాదినీ కట్టిపడేస్తుంది. పిల్లలు చదువుకుని హైదరాబాదు చేరిన ఇంట్లో ఆ పని చేసేవాళ్లుండరు. కూలీలను పిలిస్తే వాళ్ల వెంట నిలబడే మనిషి కావాలి. ఉత్తర భారతంలో యూకలిప్టస్ ఉద్ధృతిని పరిశీలించి 1994లో పుస్తకం రాసిన ఎన్.సి. సక్సేనా కూలి ఖర్చుతో పాటు కూలీల మీద అజమాయిషీ బాధ తప్పడాన్ని కూడా కారణాల్లో చేర్చాడు. నా దృష్టిలో ఆయన పుస్తకంలో అన్నిటికంటే నిలిచే మాట అదే. కూలి రేటు పద్దులో కనబడుతుంది. పొద్దున్నే చేలో నిలబడాల్సిన మనిషి లేకపోవడం ఏ పద్దులోనూ కనబడదు, కానీ పంట మార్పించేది చాలాసార్లు అదే.

రెండోవైపు చేతిలో డబ్బు పెరుగుతుంది. బడిపంతులు జీతమో, ఆర్టీసీ ఉద్యోగమో, సింగరేణి గని పనో ఉన్న ఇంటికి చేను ఏటేటా అన్నం పెట్టాల్సిన పని లేదు. అప్పుడు ఆ చేను బ్యాంకులో వేసిన డిపాజిట్ లాగా మారుతుంది. నాలుగో ఏట మొదటి నరుకుడు పిల్ల పెళ్లికో, కొడుకు ఇంజనీరింగు ఫీజుకో అందుతుంది. మోడు నుంచి పిలకలు వస్తాయి గనక మళ్లీ నాటే ఖర్చు లేకుండానే రెండో నరుకుడు, మూడో నరుకుడు. అవసరం ముందొస్తే ముందే నరికించుకోవచ్చు, ధర పడిపోతే ఏడాది ఆపుకోవచ్చు. ఆపుకోగలగడమే ఈ వ్యాపారంలో అసలు బలం. దళారీ చేను గట్టున నిలబడి ధర చెప్పినప్పుడు, వచ్చే నెల జీతం మీద నమ్మకం ఉన్న యజమాని తల అడ్డంగా ఊపగలడు. అప్పు వాయిదా ముంచుకొచ్చిన రైతు ఊపలేడు. ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. కెన్యాలోని మురాంగా జిల్లాలో మగవాళ్లు నైరోబీ కొలువులకు వెళ్లిన ఇళ్లు తుమ్మ జాతి వాటిల్ చెట్లను చేలల్లో ఎందుకు పెంచాయో పీటర్ డ్యూయీస్ అనే పరిశోధకుడు 1980ల చివర పరిశీలించాడు. ఇంట్లో పనిమనుషులు తక్కువైనప్పుడు తేయాకు, కాఫీ లాంటి పని ఎక్కువ పట్టే పంటల పెట్టుబడి కంటే చెట్ల తోపే మేలన్న లెక్క అక్కడా కనబడింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. జీతాలే చెట్లను తెచ్చేటట్టయితే, ఇంటికొకరు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న కృష్ణా డెల్టా ఊళ్లన్నీ ఈపాటికి తోపులై ఉండాలి కదా? అక్కడ వరి వరిగానే ఉంది. ఈ అభ్యంతరం బలమైనదే, నా వాదాన్ని ఇంకా సన్నగా చెక్కుతుంది. డెల్టాలో కాలువ నీళ్లున్నాయి, రెండు పంటలున్నాయి, ఎకరాకు ఇన్ని బస్తాలు ఇస్తానని ముందుకొచ్చే కౌలు రైతులు వరసగా ఉన్నారు. యజమాని ఊళ్లో లేకపోయినా భూమి ఏటేటా బస్తాలు పంపుతుంది. అలాంటి భూమిలో చెట్టు వేస్తే వదులుకునేది ఎక్కువ. మెట్టలో అలా కాదు. వర్షాధారపు ఎర్రచెల్కకు, రాళ్ల నేలకు కౌలు అడిగేవాళ్లు తక్కువ, ఇచ్చే కౌలు ఇంకా తక్కువ. యజమాని ఇంట్లో చేతులు తగ్గి, భూమికి మరో రైతు దొరకని చోటనే చెట్టు నిలబడింది. కౌలు రైతు స్వయంగా చెట్లు పెట్టే ప్రశ్నే రాదు. ఏడాది మాట మీద భూమి తీసుకున్నవాడు నాలుగేళ్ల పంట వేయడు, వేయనివ్వరు కూడా. 2011 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం సాగుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి చేసిందే తప్ప, నాలుగైదేళ్లు నిలిచే సాగు హక్కు ఇవ్వలేదు. కాబట్టి కర్ర చెట్టు మొదటి నుంచీ పట్టాదారు పంట, అందులోనూ మెట్ట పట్టాదారు పంట.

దీనికి సరిగ్గా ఎదురుగా పాలమూరు నిలబడుతుంది. చేను బయటి పనికి వెళ్లడంలో తెలుగు నేల మీద పాలమూరు కంటే ముందున్న ప్రాంతం లేదు. నాగార్జునసాగర్ కట్టిన చేతుల్లో వాళ్లవి ఉన్నాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట, కాలువ, రోడ్డు పడినా పాలమూరు లేబర్ అన్న పేరు వినబడింది. ఇన్ని దశాబ్దాల వలస అక్కడి చెల్కలను కర్ర తోటలుగా మార్చలేదు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి ఆలుమగలు ఇద్దరూ వెళ్లారు. తొలకరికి తిరిగొచ్చి జొన్నో, ఆముదమో చల్లుకుని, పంట చేతికొచ్చీ రాకముందే మళ్లీ గుంపు కట్టారు. ఆ రెండు మూడెకరాలు వాళ్లకు గింజల బుట్ట. దాన్ని నాలుగేళ్లు చెట్టుకు అప్పగిస్తే మేస్త్రీ చేతికి ఇంకా లోతుగా చిక్కుతారు. ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు సుబాబుల్ లాంటి చిన్న మొక్కలను మేకల నుంచి కాయలేరు. బయటి కూలి వాళ్లకు అప్పు తీర్చే దారే గాని ఆగే శక్తి కాలేదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల డబ్బు నికరమైన జీతానికీ పాలమూరు కూలికీ మధ్యన ఉంటుంది. వీసా అప్పు తీరేదాకా అది పాలమూరు కూలి లాంటిదే. ఆ తర్వాత మిగిలింది ముందు ఇల్లు, పెళ్లి, బోరుబావి అడుగుతుంది. కంపెనీ ఎప్పుడు పంపించేస్తుందో తెలియని మనిషి నాలుగేళ్ల ముందుకు చూసి పెట్టుబడి పెట్టడానికి వెనకాడడంలో తప్పేముంది? అందుకే వలసలన్నిటినీ ఒకే గంపలో వేసి, అది అడవికి మేలా కీడా అని అడగడం వృథా.

మరి ధర మాటేమిటి, రైతు చూసేది ధరనే కదా అని ఇంకొకరు అడగవచ్చు. ధర లేకుండా ఎవరూ కర్ర పెంచరు, నిజమే. కానీ ధర పడినప్పుడు ఎవరు ఉంటారు, ఎవరు పోతారు అన్నది చూడాలి. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లలో 1980ల మధ్య దాకా యూకలిప్టస్ మీద పెద్ద ఆశ ఉండేది. అందరి చెట్లూ ఒకేసారి కోతకొచ్చాయి, అంత కర్రకు కొనేవాళ్లు లేరు, ధర కూలింది. 1980లు ముగిసేసరికి చాలామంది మోళ్లు పెకలించి గోధుమకు, చెరకుకు తిరిగిపోయారు. అది కాలువలు, గొట్టపుబావులు ఉన్న నేల గనక తిరిగిపోవడానికి అక్కడ దారి ఉంది. ప్రకాశం మెట్టలోనూ సుబాబుల్, జామాయిల్ ధరలు రైతును మళ్లీ మళ్లీ ముంచాయి. మిల్లు తూకం మీద, తేమ కోత మీద, దళారీ మధ్యలో మింగినదాని మీద రైతులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. ప్రభుత్వం మార్కెట్ కమిటీల ద్వారా ధర ప్రకటించినా అది మిల్లు గేటు దగ్గర అమలు కావడం వేరే సంగతి. అంత జరిగినా ఆ మెట్టల్లో చెట్లు పూర్తిగా పోలేదు. పొగాకు వైపు మళ్లడానికి ఇంట్లో మనుషులు లేరు, పొగాకు కూడా భరోసా ఇచ్చిన పంటేమీ కాదు. 2000-01లో పొగాకు బోర్డే రాష్ట్రంలో పంట విరామం ప్రకటించాల్సి వచ్చింది. కాబట్టి కర్ర ధర చెట్ల విస్తీర్ణాన్ని ఎక్కువ తక్కువ చేస్తుంది గాని, చెట్టు వేసే ఇల్లు ఏదో తేల్చేది ఆ ఇంటి బయటి రాబడి.

చైనా అనుభవం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రభుత్వమే చెట్టునూ బయటి రాబడినీ ముడిపెట్టింది. 1998 యాంగ్జీ వరదల తర్వాత అడవుల నరికివేతను అరికట్టి, 1999 నుంచి వాలు పొలాలను చెట్లకు వదిలిన కుటుంబాలకు ధాన్యం, డబ్బు ఇచ్చారు. యాంగ్జీ పరీవాహకంలో ఒక మూకు, అంటే ఎకరంలో ఆరో వంతుకు, ఏడాదికి 150 కిలోల ధాన్యం. పండ్ల చెట్ల లాంటివయితే 5 ఏళ్లు, అడవి చెట్లయితే 8 ఏళ్లు. ఆగే కాలానికి కావలసిన తిండిని సర్కారే సమకూర్చిందన్న మాట. విడుదలైన చేతులు పట్నం పనికి వెళ్తాయన్నది ఆ పథకం ఆశల్లో ఒకటి. తర్వాత ఫుజియన్‌లో మొదలై 2008 నాటికి దేశమంతటికీ పాకిన సంస్కరణ సామూహిక అడవులను 70 ఏళ్ల హక్కుతో కుటుంబాలకు పంచింది. హక్కు పత్రం చేతికొచ్చాక అందరూ అడవి మీద పెట్టుబడి పెడతారనుకున్నారు. వలస ఆ పెట్టుబడిని పెంచిందా తగ్గించిందా అని చేసిన పరిశోధనలు ఒకే జవాబు ఇవ్వలేదు. అందులో వింతేమీ లేదు. వెదురు, నూనె గింజల తోటలు ఏటేటా మనిషిని అడుగుతాయి, వలస వాటికి దెబ్బ. ఫర్ లాంటి కర్ర చెట్లు డబ్బునూ ఓపికనూ అడుగుతాయి, నికరమైన జీతం వాటికి తోడు. నేపాల్‌ది ఇంకో తీరు. అక్కడ 1992లో నూటికి 26 వంతులున్న అడవి 2016కు 45 అయింది. సాముదాయిక అటవీ సంఘాల కాపలా అందులో పెద్ద కారణం. మగవాళ్లు గల్ఫ్‌కో మలేసియాకో వెళ్లాక కొండ మెట్ల చేలు బీడుపడి వాటంతట అవే చెట్లెక్కిన చోట్లూ ఉన్నాయి. ఆ రెండో రకాన్ని పెట్టుబడి అనలేం. చెట్టు పెరిగిన చోటల్లా ఎవరో చెట్టు పెంచారని ఉపగ్రహ చిత్రం చూసి రాసేయడం ఈ విషయంలో జరిగే పెద్ద పొరపాటు.

అయితే ఊళ్లో ఉండని యజమాని వేసిన జామాయిల్ మాత్రం పెట్టుబడా, లేక చేను వదిలించుకునే మార్గమా? రెండూ ఉన్నాయని ఒప్పుకోవాలి. తేడా మొదటి నరుకుడు తర్వాత బయటపడుతుంది. పెట్టుబడిగా చూసినవాడు మోడుకు రెండు మంచి పిలకలే ఉంచి మిగతావి తీయిస్తాడు, దున్నిస్తాడు, మూడో నరుకుడు తర్వాత జేసీబీ పెట్టి మోళ్లు పెకలించి కొత్త మొక్క వేస్తాడు. వదిలించుకున్నవాడు వచ్చినంతే చాలనుకుంటాడు, ఏటికేడు కర్ర సన్నబడుతుంది. ఈ రెండు రకాల యజమానుల మధ్య ఊరి కూలీకి మాత్రం తేడా ఏమీ లేదు. కోలారు విమర్శకులు చెప్పినదాంట్లో చెరగని నిజం ఇదే. రాగి చేలో కలుపు, కోత, నూర్పిడి ఉన్నాయి, కోతయ్యాక గడ్డి ఉంది, పశువుకు మేత ఉంది. జామాయిల్ చేలో నాలుగేళ్లకోసారి కోత ముఠా వస్తుంది, అదీ చాలాసార్లు బయటి ముఠా. తొక్క తీసి, లారీకెత్తి, తూకం అయ్యాక వెళ్లిపోతుంది. భూమి ఉన్న ఇంటి కొడుకు పట్నంలో ఉద్యోగం చేసుకోగలగడం వల్ల భూమి లేని ఇంటి ఆడమనిషి ఊళ్లో పని పోగొట్టుకుంది. ఆ నష్టాన్ని ఏ సామాజిక అటవీ పథకమూ లెక్క కట్టలేదు. భూగర్భ జలాల మీద ఆందోళనతో 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా యూకలిప్టస్ నాటడాన్ని నిషేధించింది. నీటి వాదంలో బలం ఉంది, కోలారు బోర్ల లోతు తెలిసినవాళ్లెవరూ దాన్ని తోసిపుచ్చరు. నిషేధం చెట్టును ఆపగలదు. పట్నం జీతం మీద బతికే పట్టాదారునీ, అతని చేలో పని లేని కూలీనీ అది ఒకచోటికి చేర్చలేదు.

చేర్చగల ఒక ప్రయత్నం మన దగ్గరే జరిగింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం కింద చిన్న రైతుల మెట్ట చేలల్లో మామిడి లాంటి తోటలు పెట్టించారు. గుంట తవ్వినందుకు, మొక్కకు నీళ్లు పోసినందుకు, కంచె కట్టినందుకు, తొలి ఏళ్లలో తోట కాపాడినందుకు కూలి ఇచ్చారు. జీతం ఉన్న ఇంటికి పట్నం సమకూర్చిన ఓపికను, జీతం లేని ఇంటికి తన చేలోనే వచ్చిన కూలి సమకూర్చింది. బిల్లులు ఆలస్యమైన చోట మొక్కలు ఎండిపోయాయన్నది కూడా ఇదే విషయాన్ని రుజువు చేస్తుంది. ఈ తేడా ఇప్పుడు మరీ ముఖ్యం. 2012-13 జాతీయ నమూనా సర్వేలో వ్యవసాయ కుటుంబం నెల రాబడి 6,426 రూపాయలు, అందులో పంటలది 3,081, కూలి, జీతాలది 2,071. ఆరేళ్ల తర్వాత, 2018-19లో, మొత్తం 10,218 అయింది. పంటల వాటా 3,798 దగ్గర ఆగింది, కూలి, జీతాల వాటా 4,063కు చేరి దాన్ని దాటింది. ఈ అంకెలు చూసి, పల్లె ఇళ్లు ఎటూ పంట మీద ఆధారపడడం తగ్గిపోయింది గనక మెట్ట చేలు ఇక వాటంతట అవే చెట్లవైపు నడుస్తాయని లెక్కలు వేసే అధికారులున్నారు, కార్బన్ క్రెడిట్ల వ్యాపారులున్నారు. ఆ 4,063లో నెలాఖరుకు తప్పకుండా వచ్చే జీతం ఎంత, అడ్డా మీద నిలబడితే దొరికే కూలి ఎంత అన్నది విడదీసి చూడనిదే ఆ లెక్క నిలవదు. రెండో రకం రాబడి మీద బతికే ఇల్లు ఏటేటా గింజలిచ్చే చేనును నాలుగేళ్లు చెట్టుకు ఇవ్వదు, ఇవ్వమని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు, ఆ నాలుగేళ్ల తిండి ముందు ఆ ఇంటికి చేర్చితే తప్ప.